సోమవారం దాకా ఆగకండి

పెర్లీటా ఆ నెలంతా ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయింది. పొద్దున్నే వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించి, పక్కలు మార్చి, ఓట్స్ తినిపించి, మధ్యాహ్నం డ్యూటీ దిగి రెండు బస్సులు మారి పిల్లల ఆసుపత్రికి చేరేది. విన్నిపెగ్‌లో జనవరి. బస్టాపులో నిలబడితే కనురెప్పల మీద మంచు పేరుకునేది. బస్సెక్కి వెచ్చటి సీట్లో కూలబడగానే ఆ రెప్పలే బరువెక్కి వాలిపోయేవి. దిగాల్సిన స్టాపు దాటిపోయి, తనను తానే తిట్టుకుంటూ అంత దూరమూ వెనక్కి నడిచిన రోజులున్నాయి.

ఆసుపత్రిలో ఉన్నది ఆమె కూతురు కెజియా. పదిహేనేళ్ల పిల్ల. మొదట చిగుళ్ల నుంచి నెత్తురు వస్తుంటే బ్రష్ గట్టిగా రుద్దుతోందనుకుంది పెర్లీటా. కాళ్ల మీద నీలం మచ్చలు తేలితే బాస్కెట్‌బాల్ దెబ్బలనుకుంది. ఒకరోజు బడి మెట్ల మీద కుప్పకూలితే అప్పుడు తెలిసింది, బ్లడ్ క్యాన్సరని.

డాక్టర్ ఫ్రీసెన్ పొడుగాటి మనిషి, నెమ్మదస్తురాలు. మొదటిరోజే మంచం అంచున కూర్చుని అన్నీ విప్పి చెప్పింది. ఇచ్చే మందులు జబ్బును చంపుతాయి, దాంతోపాటు మంచి రక్తాన్నీ చంపుతాయి. కొన్ని వారాలపాటు ఒంట్లో రక్తం తయారవదు. ఆ వారాలు దాటించడానికి రక్తం ఎక్కించక తప్పదు.

తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి పర్సుల్లోనూ ఒకే కార్డు ఉంది, ఏం జరిగినా నాకు రక్తం ఎక్కించకండి అని. వాళ్లు యెహోవాసాక్షులు; ఇంకొకరి రక్తం ఎక్కించుకుంటే దేవుడి ఆజ్ఞ మీరినట్టేనని, అలాంటివాళ్లకు రేపటి లోకంలో చోటుండదని వాళ్ల నమ్మకం.

"నేను తీసుకోను డాక్టర్," అంది కెజియా. "మందులన్నీ వేసుకుంటాను. ఎన్ని సూదులైనా పొడవండి. అదొక్కటీ వద్దు."

"నీకు పదహారు నిండాయా?"

"జూన్‌లో నిండుతాయి."

డాక్టర్ నిట్టూర్చింది. "నిండి ఉంటే నేను ఇక్కడితో ఆగి ఆలోచించాల్సి వచ్చేది. నిండలేదు కాబట్టి, పరిస్థితి చేయి దాటేలా ఉంటే జడ్జి దగ్గరికి వెళ్లాలి. ఇది నీకు చెప్పకుండా చేయను. ముందు మా శాయశక్తులా చూస్తాం. సరేనా?"

"జూన్ దాకా జబ్బుపడకుండా ఉండాల్సింది," అంది కెజియా. డాక్టర్ నవ్వాలో వద్దో తేల్చుకోలేక లేచి వెళ్లిపోయింది.

శాయశక్తులా చూశారు, ఆ మాట కాదనలేం. పరీక్షకు తీసే రక్తం పసిపిల్లలకు వాడే చిన్న గొట్టాల్లో చుక్కలు చుక్కలుగా తీశారు. రక్తం పెరిగే ఇంజెక్షన్లు ఇచ్చారు. అయినా పిల్ల రోజురోజుకీ పాలిపోతూనే ఉంది.

పెర్లీటాకు ఈ నమ్మకం పుట్టుకతో వచ్చింది కాదు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో పుట్టినప్పుడు అందరిలాగే క్యాథలిక్కు. కెనడాకొచ్చిన కొత్తలో, భాష రాక, మనిషి మొహం కనపడక, అపార్ట్‌మెంటులో ఏడుస్తూ కూర్చున్న రోజుల్లో ఇద్దరు ఫిలిప్పీనో ఆడవాళ్లు తలుపు తట్టారు. వాళ్లతో పరిచయమై బైబిలు పాఠాలయ్యాయి, ఆ తర్వాత బాప్తిస్మం. మూడేళ్ల కిందట భర్త రోడెల్ పంది మాంసం ఫ్యాక్టరీలో పని మధ్యలో గుండె ఆగి పోయినప్పుడు ఆ సంఘమే ఇంట్లో వండిపెట్టింది, ఆ సంఘమే సమాధి చేసింది. ఈ భూమే స్వర్గంలాంటి పరదైసు అవుతుందని, చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారని, రోడెల్ చెప్పులు విడుస్తూ గుమ్మంలోంచి పిలుస్తాడని చెప్పి తండ్రి కోసం ఏడ్చే పిల్లను నిద్రపుచ్చింది తనే. పిల్ల ఆ మాట అక్షరాలా నమ్మింది. పన్నెండో ఏట తనంతట తాను వెళ్లి బాప్తిస్మం తీసుకుంది.

ఆ గురువారం కెజియా బాత్రూముకు వెళ్లొచ్చి మంచం మీద పడి చాలాసేపు రొప్పింది. మెడ దగ్గర నరం దడదడా కొట్టుకోవడం పెర్లీటాకు కుర్చీలోంచి కనిపించింది.

"అమ్మా, అట్లా చూడకు," అంది కెజియా ఊపిరి కూడగట్టుకుంటూ. "చేపల మార్కెట్లో చేప తాజాదో కాదో చూసినట్టు చూస్తున్నావు."

"నోర్ముయ్. మాట్లాడకు, ఆయాసం."

"మాట్లాడకపోతే నువ్వు నిద్రపోతావు. నిద్రపోతే గురక పెడతావు. నర్సులు నవ్వుతారు."

పెర్లీటా చిన్నగా నవ్వింది. కూతురి పాదం ఒళ్లో పెట్టుకుని పిసికింది. చల్లగా, మైనంలా ఉంది పాదం.

"భయమేస్తోందా?"

"వేస్తోంది." కెజియా పైకప్పు కేసి చూస్తోంది. "కానీ ఒకటి చెప్పు. నేను తీసుకుని బతికాననుకో. రేపు నాన్న లేచి వచ్చేటప్పటికి నేను అక్కడ ఉండకపోతే? నువ్వుండి, నాన్న ఉండి, నేను లేకపోతే?"

పెర్లీటా పాదం పిసకడం ఆపింది. ఆ పిల్ల నోట్లో ఆ మాట పెట్టింది తనే. ఇప్పుడు దాన్ని వెనక్కి లాక్కోవడం ఎలాగో తెలియలేదు. లాక్కోవాలో వద్దో కూడా తెలియలేదు.

సాయంత్రం సంఘపెద్ద బ్రదర్ ఆర్నెల్ వచ్చాడు. పగలంతా ఇళ్లకు పెయింట్లు వేసే మనిషి. గోళ్ల చుట్టూ తెల్లరంగు అలాగే ఉంది. డబ్బా నిండా పాన్సిట్ నూడుల్స్ తెచ్చాడు. కెజియాతో కాసేపు బాస్కెట్‌బాల్ కబుర్లు చెప్పి, ప్రార్థన చేసి, పెర్లీటాను బయటికి పిలిచాడు.

"చెల్లెమ్మా, మన సంఘం లాయరుతో మాట్లాడాను. కోర్టుకు వెళ్లకుండా సోమవారం దాకా గడువు అడిగాడు. కేసు వేసే శిశు సంక్షేమం వాళ్లు ఒప్పుకున్నారు. ఈలోగా టొరంటోలో రక్తం లేకుండా చూసే డాక్టరెవరో ఉన్నారట, ఆయన సలహా తీసుకుందాం."

"సోమవారం దాకానా అన్నయ్యా?"

"నాలుగు రోజులే కదమ్మా. నువ్వు తిన్నావా? కళ్లు చూడు ఎలా లోపలికి పోయాయో. ఇవాళ రాత్రి మా ఆవిడ వచ్చి కూర్చుంటుంది, నువ్వు ఇంటికెళ్లి పడుకో."

మంచివాడు. అతనిలో చెడు వెతుకుదామన్నా దొరకదు. అదే ఆమెకు మరీ నీరసం తెప్పించింది.

మర్నాడు శుక్రవారం డ్యూటీకి సెలవు పెట్టింది. కెజియా పెదవులు కాగితంలా ఉన్నాయి. బతికున్న మనిషికి ఉండని రంగులో ఉన్నాయి. ఆ రంగును ఆశ్రమంలో ఎన్ని మంచాల మీద చూసిందో. ఆ తర్వాత ఆ మంచాల మీద దుప్పట్లు మార్చింది కూడా తనే. డాక్టర్ ఫ్రీసెన్ గంటకోసారి వచ్చి చూసి, ఏమీ అనకుండా పోతోంది. లాయర్లు మాట్లాడుకున్న గడువు ఆమెకూ నచ్చలేదని ఆ నడకలోనే తెలుస్తోంది.

వార్డు చివర తల్లిదండ్రుల కోసం చిన్న వంటగది ఉంది. పెర్లీటా ఇంటినుంచి తెచ్చిన లుగావ్, అల్లం వేసి కాచిన బియ్యం గంజి, మైక్రోవేవ్‌లో పెట్టి నిలబడింది. శిశు సంక్షేమ శాఖ నుంచి వచ్చే బెవర్లీ కాఫీ కోసం లోపలికొచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, ఎప్పుడూ ఒకే ఊదా స్వెట్టర్.

"ఎలా ఉందమ్మా పాప?"

"అలాగే."

"సోమవారం కోర్టుకు వెళ్తాం. మీకు కబురందింది కదా? ఆలోగా ఏదైనా..." బెవర్లీ మాట మధ్యలో ఆపేసింది.

మైక్రోవేవ్ కీచుమంది. పెర్లీటా గిన్నె తీయలేదు. తలుపు కేసి ఒకసారి చూసింది. ఎవరూ లేరు.

"సోమవారం దాకా ఆగకండి," అంది.

బెవర్లీ కప్పు కింద పెట్టింది. "ఏమన్నారు?"

"నన్ను అడిగితే నేను వద్దనే అంటాను. సంతకం పెట్టను. జడ్జి అడిగినా వద్దనే చెప్తాను. కానీ మీరు ఇవాళే వెళ్లండి." చాలా అలసిపోయిన గొంతు, బస్సు టైము అడిగినట్టే ఉంది. "లాయరు ఏం చెప్పినా సరే. ఇవాళే."

"అమ్మా, మీరు నిజంగా..."

"నేనేమీ అనలేదు." గిన్నె తీసుకుంది. వేళ్లు కాలాయి. కాలనిచ్చింది. "గంజి చల్లారిపోతుంది, వస్తాను."

మధ్యాహ్నం దాటేసరికి వార్డులో కదలిక మొదలైంది. డాక్టర్ ఫ్రీసెన్ వచ్చి, పరిస్థితి దిగజారినందువల్ల అత్యవసరంగా జడ్జిని అడుగుతున్నామని చెప్పింది. లాయరు ఫోన్లో మండిపడ్డాడు. బ్రదర్ ఆర్నెల్ పెయింటు బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. కెజియా మంచం పక్క బల్ల మీద ఫోను స్పీకరులో పెట్టారు. జడ్జి గొంతు ఆ డబ్బాలోంచి వచ్చింది. పెద్దాయన గొంతు, మధ్యమధ్య దగ్గుతున్నాడు.

డాక్టర్ చెప్పాల్సింది చెప్పింది. రక్తం లేకపోతే ఈ శనివారం, ఆదివారం దాటుతుందని తను మాట ఇవ్వలేనంది. లాయరు తన వాదన చెప్పాడు. తర్వాత జడ్జి, "కెజియా, నువ్వు మాట్లాడగలవా తల్లీ?" అన్నాడు.

"ఆగి ఆగి మాట్లాడతాను. ఫర్వాలేదా?"

"నాకేం తొందర లేదు."

"నన్నెవరూ బలవంతపెట్టలేదండీ. అమ్మా కాదు, బ్రదరూ కాదు. నాకు చావాలని లేదు. బడిలో జరిగే ప్రామ్ డ్యాన్సుకు మావాళ్లం ఎలాగూ వెళ్లం, కానీ డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవాలనుంది." ఊపిరి తీసుకుంది. "రక్తం దేవుడిది. నా ఒంట్లోకి మీరు బలవంతంగా ఎక్కిస్తే... నన్ను ఎవరో పాడుచేసినట్టే నాకు. మీ అమ్మాయికి ఇష్టం లేనిది ఎవరైనా చేస్తే మీకెట్లా ఉంటుంది? అంతే. అయిపోయింది."

ఫోనులో జడ్జి దగ్గాడు.

"తల్లిగారేమంటారు?"

అందరూ పెర్లీటా వైపు తిరిగారు. బెవర్లీ మాత్రం తన బూట్ల కేసి చూస్తూ ఉండిపోయింది.

"నేను ఒప్పుకోలేను," అంది పెర్లీటా. ఆ మాట నిజమే. ఒప్పుకోవడం తనవల్ల కాదు, అంతే.

జడ్జి తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. అమ్మాయి తెలివీ నిజాయతీ తనను కదిలించాయన్నాడు. ఆమె చెప్పిందంతా తను విన్నానన్నాడు. అయినా పదహారేళ్లు నిండని మనిషి విషయంలో ప్రాణమే ముందని, చికిత్స ముగిసేదాకా అవసరమైనప్పుడల్లా రక్తం ఎక్కించమని ఆదేశించాడు. "నన్ను నువ్వు క్షమించకపోయినా నాకు అర్థమవుతుంది," అన్నాడు చివర్లో. ఫోను ఆగిపోయింది.

నర్సు సంచీ తెచ్చి వేలాడదీసింది. గొట్టంలో ఎరుపు దిగుతుంటే కెజియా గోడ వైపు తిరిగింది. సూది పీకేస్తానని అంతకుముందు ఒకసారి అన్నది గానీ, చేయి ఎత్తే శక్తి కూడా లేదిప్పుడు. చప్పుడు లేకుండా ఏడ్చింది. బ్రదర్ ఆర్నెల్ తల దించుకుని బయటికి నడిచాడు. పెర్లీటా కదల్లేదు. దుప్పటి కింద పాదం పట్టుకుని కూర్చుంది.

సంచీ సగమయ్యేసరికి ఆ పాదం వెచ్చబడింది. గోళ్ల కింద గులాబీరంగు వచ్చింది. పెదవులు మనిషి పెదవులయ్యాయి. పెర్లీటా ఒంట్లోంచి ఏదో బరువు జారిపోయింది. భుజాలు దిగాయి. తెలియకుండానే గట్టిగా ఊపిరి వదిలింది. తలెత్తి చూస్తే కెజియా ఇటు తిరిగి, రెప్ప వేయకుండా తననే చూస్తోంది.

ఆ తర్వాత కొన్ని వారాలు కెజియా తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. నీళ్లు అంటే నీళ్లు, దుప్పటి అంటే దుప్పటి. రక్తం ఇంకా చాలాసార్లు ఎక్కించారు. ప్రతిసారీ, "నాకిష్టం లేదు, రాసుకోండి," అనేది నర్సుతో. నర్సు రాసుకునేది. కొన్నాళ్లకు ఆ మాటలో కోపం పోయి అలవాటు మిగిలింది. సంఘం వాళ్లు పూలు తెచ్చారు, కేకులు తెచ్చారు. బలవంతంగా జరిగినదానికి పాపం అంటదు, నువ్వు గట్టిగా నిలబడ్డావు, ఎంత విశ్వాసం అని మెచ్చుకున్నారు. పెర్లీటా చేతులు పట్టుకుని, ఇలాంటి పిల్లను పెంచావు అక్కా అన్నారు. ఆమె తలూపి, కాఫీ పోయడానికని లేచి వెళ్లేది.

మార్చి చివర్లో ఇంటికి పంపారు. మంచు కరిగి వీధులన్నీ బురద. కెజియా సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. తల మీద వెంట్రుక లేదు, అల్లిన టోపీ పెట్టుకుంది. పెర్లీటా డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతోంది.

"బ్రదర్ ఆర్నెల్ ఫోన్ చేశారు," అంది కెజియా. "సమావేశంలో నా అనుభవం చెప్పమంటున్నారు. స్టేజీ మీద."

"చెప్తావా?"

"ఒకటి తెలిస్తే చెప్తాను." కెజియా టీవీ ఆపేసింది. "సోమవారం అన్నారు. శుక్రవారమే అయింది. డాక్టర్ తొందరపెట్టిందనుకున్నాను. అడిగాను. 'నేను కాదు, శాఖ వాళ్లే ఫోన్ చేశారు' అంది. వాళ్లకెవరు చెప్పారు?"

పెర్లీటా ఒక బూటు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఏదో ఒకటి చెప్పొచ్చు. తెలియదనొచ్చు. అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది.

"నేనే."

కెజియా మొహంలో ఏ మార్పూ రాలేదు. ముందే తెలిసినట్టుంది.

"అయితే జడ్జి కాదు. నువ్వు."

"అవును."

"నన్నెందుకు అడగలేదు?"

"నువ్వేమంటావో తెలుసు గనక."

"తెలిసీ చేశావా!" గొంతు ఇప్పుడు పగిలింది. "నువ్వే కదా నేర్పింది? చిన్నప్పుడు నా పర్సులో కార్డు పెట్టింది నువ్వే కదా? నేను నమ్మాను, నువ్వు నమ్మలేదా? ఊరికే చెప్పావా నాన్న లేస్తాడని?"

"నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను." పెర్లీటా నేల మీదే, గుమ్మం దగ్గర చెప్పుల మధ్య కూలబడింది. "మీ నాన్న రావడం కోసం ఎన్నేళ్లయినా ఆగగలను. నీ కోసం కూడా అలా ఆగమంటే... నావల్ల కాలేదు. ఇంక ఎవరి కోసమూ ఆగే ఓపిక లేదు నాకు. అంతే. వేరే కారణం లేదు."

కెజియా దుప్పటి దగ్గరికి లాక్కుంటూ అంది, "అది ఎక్కుతున్నప్పుడు వెచ్చగా అనిపించింది. హాయిగా ఉంది. నాకు నామీదే అసహ్యమేసింది." మోకాళ్ల మీద మొహం పెట్టుకుంది. "ఈ సంగతి స్టేజీ మీద ఎట్లా చెప్పను?"

"చెప్పకు."

"నువ్వు చెప్తావా వాళ్లకి? నీ సంగతి?"

"నువ్వు చెప్పమంటే చెప్తాను."

"నేను చెప్పమనను. నామీద పెట్టకు." కెజియా కళ్లు తుడుచుకుంది. "నీ ఇష్టం."

ఆ ఆదివారమే పెర్లీటా బ్రదర్ ఆర్నెల్‌తో చెప్పేసింది. సంఘం సభలు జరిగే రాజ్యమందిరం వెనకగదిలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. టిష్యూ పెట్టె ఆమె వైపు జరిపారు. బ్రదర్ ఆర్నెల్ కళ్లలో నీళ్లున్నాయి.

"ఆ క్షణంలో నీ మనసు నీ చేతుల్లో లేదు చెల్లెమ్మా. మాకు తెలుసు. ఇప్పుడు బాధపడుతున్నావు కదా? ఆ ఒక్కమాట అను. మిగతాది మేం చూసుకుంటాం."

"బాధగానే ఉంది అన్నయ్యా."

"చేసినందుకు కదా?"

పెర్లీటా టిష్యూ పెట్టెను మళ్లీ వాళ్ల వైపు జరిపింది. వాళ్లు ఓపిగ్గా ఎదురుచూశారు.

"మళ్లీ ఆ శుక్రవారం వస్తే మళ్లీ అదే చేస్తాను," అంది. "ఇంకొంచెం పొద్దున్నే వెళ్లి చెప్తానేమో."

మరుసటి వారం మందిరంలో ప్రకటన చదివారు, పెర్లీటా ఇకపై మనలో ఒకరు కాదని. ఒక్క వాక్యం, ఇక ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని దాని అర్థం. పాట పాడి ఇళ్లకు వెళ్లారు. ఆ రోజునుంచి, పదిహేనేళ్లుగా తెలిసినవాళ్లు సూపర్‌మార్కెట్‌లో ఎదురైతే బియ్యం బస్తాల మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. వృద్ధాశ్రమంలో ఆమెతో కలిసి పనిచేసే సంఘంలోని ఒకావిడ షిఫ్టు మార్పించుకుంది. తలుపు తట్టేవాళ్లు లేరు. ఆదివారాలు పెర్లీటా నిద్రపోయింది.

కెజియా జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. జూన్‌లో పదహారు నిండేసరికి రక్తం అవసరం తీరిపోయింది. మాత్రలు మాత్రం ఇంకా చాలాకాలం వేసుకోవాలి. సంఘాన్ని ఆమె వదల్లేదు, స్టేజీ కూడా ఎక్కలేదు. ఇంట్లో ఒకే కప్పు కింద ఉన్న తల్లితో మాట్లాడొచ్చని నియమంలోనే ఉంది. మాట్లాడేది. కొన్నిరోజులు ముభావంగా, కొన్నిరోజులు మామూలుగా. ఒకసారి పాత్రలు కడుగుతూ, "నీ మీద కోపం పోలేదు, పోయిందనుకోకు," అంది. "అనుకోను," అంది పెర్లీటా.

మళ్లీ చలికాలం వచ్చింది. కాళ్లలో ఇంకా బలం చాలక కెజియా మంచు మీద జారిపడేది. అందుకని సభ ఉన్న సాయంత్రాలు పెర్లీటా తోడుగా బస్సులో వెళ్లి దించి, బయట ఎక్కడో నిలబడి మళ్లీ తీసుకొచ్చేది. ఒకరోజు గాలి కోసేస్తోంది. మందిరం గుమ్మంలో కెజియా ఆగింది.

"లోపలికి రా. వెనక వరసలో కూర్చో. నిన్నెవరూ పొమ్మనరు."

"పలకరించరు కూడా."

"పలకరించకపోతే పోనీ. హీటరుంది."

పెర్లీటా వెళ్లి చివరి వరసలో, కోటు కూడా విప్పకుండా కూర్చుంది. కెజియా ముందు వరసలో బ్రదర్ ఆర్నెల్ భార్య పక్కన కూర్చుంది. ప్రసంగం మొదలైంది. హీటరు గాలి కాళ్లకు తగులుతోంది. పొద్దున ఐదింటికి లేచిన ఒళ్లు. ఏ ప్రవక్త గురించో చెప్తుండగానే ఆమె తల పక్కకు వాలిపోయింది.

చివరి పాట అయింది, ప్రార్థన అయింది. జనం కబుర్లు చెప్పుకుంటూ, పిల్లల కోట్లు తొడుగుతూ, ఆ వరస పక్కనుంచే ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. ఆమెను ఎవరూ లేపలేదు, లేపకూడదు కాబట్టి. బ్రదర్ ఆర్నెల్ ఒక క్షణం ఆగి, దీపాలు ఆర్పే స్విచ్చు మీద చేయి పెట్టి, మళ్లీ తీసేసి, అవతలికి వెళ్లి కుర్చీలు సర్దసాగాడు.

కెజియా వచ్చి భుజం తట్టింది. "అమ్మా. అమ్మా, లే. గురక పెడుతున్నావు."

పెర్లీటా ఉలిక్కిపడి లేచింది. "అయిపోయిందా?"

"ఎప్పుడో. పద, బస్సు పోతుంది. ఆకలేస్తోంది నాకు."